బొట్టు పెట్టి పిలిచాక

పేరంటానికి వాట్సాప్‌లో పిలిస్తే చాలంది కూతురు పూజిత. చాలదంది చాముండేశ్వరి. ఆ మాట రెండు పూటలు నలిగి చివరికి పూజితే తగ్గింది.

"సరే, నీ ఇష్టం. మన తెలుగువాళ్ళ ఇళ్ళకి మాత్రం వెళ్ళు. బెల్ కొట్టి కొంచెం వెనక్కి నిలబడు. కెమెరాలో నీ మొహం కనపడాలి," అంది.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. పొద్దున పూజ ఇంట్లో, సాయంత్రం తాంబూలాలు క్లబ్‌హౌస్‌లో. బుధవారం ఎండ ముదరకముందే చాముండేశ్వరి కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరింది. కమ్మింగ్ అనే ఆ అమెరికా ఊళ్ళో ఇళ్ళన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. దారి తప్పితే ఎవరింటి ముందు నిలబడి ఏడవాలో తెలియదని ఆవిడ భయం. అందుకని ప్రతి మలుపు దగ్గరా ఆగి, వచ్చిన దారిని ఒకసారి కళ్ళతో వెనక్కి తడుముకుంటూ నడిచింది.

మొదటి ఇంట్లో పిల్ల పైజమాతోనే వచ్చి నుదురు చూపించింది. రెండో ఇంట్లోంచి మనిషి రాలేదు, బెల్‌లోంచి గొంతొచ్చింది. "ఆంటీ, నేను ఆఫీస్‌లో ఉన్నాను. బొట్టు తలుపుకి పెట్టేసి వెళ్ళండి, ప్లీజ్." ఎదురుగా మనిషి లేకుండా మాట వింటే చాముండేశ్వరికి బెదురు. అయినా గడప పక్కన బొట్టు పెట్టింది. వీధి చివరిదాకా వెళ్ళి, ఎవరైనా తుడిచేశారేమోనని తిరిగి చూసుకుంది.

ఇటువైపు ఇళ్ళు అయిపోయాక, వాననీళ్ళ కుంట పక్కనుంచి పోయే కాలిబాట పట్టింది. బాట అవతల అద్దె అపార్ట్‌మెంట్లున్నాయి. అక్కడ లీలావతి ఉంటుంది. సూర్యాపేట మనిషి. కొడుకు దగ్గరికి వచ్చింది. వసంతకాలం నుంచీ ఇద్దరూ ఆ కుంట చుట్టూ పొద్దునపూట కలిసి నడుస్తున్నారు. అమెరికా వచ్చాక చాముండేశ్వరికి దొరికిన స్నేహం అదొక్కటే. వచ్చే నెల తన తిరుగు ప్రయాణం. అది తలుచుకుంటే ఇప్పట్నించే అన్నం సయించడం లేదు.

చాముండేశ్వరి తండ్రి రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. బదిలీ కాగితం రావడం, సామాను సర్దడం, రైలెక్కడం. స్నేహితురాలికి చెప్పి వెళ్దామంటే ఆ పిల్ల ఏ బావి దగ్గరో ఉండేది. చదువు ఏ బడిలోనూ నిలవలేదు. సామాన్లు చుట్టొచ్చిన పాత పేపర్లు చదువుకుంటూ అక్షరాలు తనే నేర్చుకుంది. చెప్పకుండా విడిపోయిన మొహాలు మాత్రం ఇప్పటికీ కలలోకి వస్తాయి. ఈసారైనా లీలావతిని ఇంటికి పిలిచి, పసుపుకుంకాలిచ్చి, వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళాలి. ఆవిడ కోరికల్లా అదే.

లీలావతి మెట్ల మీద కూర్చుని కొత్తిమీర ఏరుతోంది.

"ఏందక్కా, పొద్దుగాల్నే గాజులు గలగలమనుకుంట వచ్చినవ్?"

"పేరంటానికి. నుదురు ఇటు చూపించు."

"నన్నా? ఆ క్లబ్‌హౌస్‌లకా?" లీలావతి కొత్తిమీర పక్కన పెట్టింది. "మొన్న మా మనవడు వేదాంత్ స్విమ్మింగ్ పూల్ కాడికి పోతే చేతికి ఆ ఇండ్లోళ్ళ పట్టీ లేదని వాపస్ పంపిండ్రు. నా చేతికి సుత పట్టీ అడుగుతరేమో."

"నుదుట బొట్టుంటే చేతికి పట్టీ ఎందుకు?"

"గట్ల అంటవా? అయితే పెట్టు. మంచిగ గట్టిగ పెట్టు, దూరంకెల్లి కనపడాలె."

ఇద్దరూ నవ్వుకున్నారు. లీలావతి కోడలికి కూడా బొట్టు పెట్టి, తేలికైన మనసుతో చాముండేశ్వరి ఇల్లు చేరింది.

ఎవరెవరిని పిలిచావని పూజిత అడిగింది. విని లాప్‌టాప్ మూసేసింది.

"అపార్ట్‌మెంట్స్‌లో వాళ్ళనెందుకు పిలిచావమ్మా?"

"వాళ్ళూ తెలుగువాళ్ళేగా. తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళ్ళమన్నావు."

"అంటే మన కమ్యూనిటీలో. క్లబ్‌హౌస్ రెసిడెంట్స్‌కే అని బుక్ చేసినప్పుడు సైన్ చేశాను. పైగా వచ్చే వారం ఆ వాకింగ్ పాత్‌కి గేట్ పెట్టాలా వద్దా అని ఓటింగ్. నీ అల్లుడు ఉమాకాంత్ కమ్యూనిటీ బోర్డులో ఉన్నాడు. ఇప్పుడు మనమే వాళ్ళని తీసుకొచ్చి కూర్చోబెడితే ఏం బాగుంటుంది?"

"గేటెందుకు?"

"సేఫ్టీకి."

"ఎవరినించి?"

"ఎవరినించీ అని కాదు. జనరల్‌గా."

చాముండేశ్వరికి అర్థం కాలేదు. "నల్లవాళ్ళనించా?" అని గొంతు తగ్గించి అడిగింది. టీవీలో ఏవేవో చూసింది మరి.

"అయ్యో, అలా మాట్లాడకు. ఇక్కడ అవన్నీ ఇల్లీగల్. పక్కింటి యోలాండా ఎవరు? బ్లాకే కదా, బోర్డు ప్రెసిడెంట్. ఎదురింట్లో చైనావాళ్ళు, మూలింట్లో తెల్లవాళ్ళు. ఎవరైనా కొనుక్కోవచ్చు, ఎవరైనా ఉండొచ్చు."

"కొనుక్కోలేకపోతే?"

"కొనుక్కున్నాక వస్తారు. మేము రాలేదా? నాలుగేళ్ళు ఆ అపార్ట్‌మెంట్స్‌లోనే ఉన్నాం." పూజిత ఒక్క క్షణం ఆగింది. "అప్పుడు ఈ పాత్ మీద నేనెప్పుడూ నడవలేదమ్మా. ఎవరైనా ఏమైనా అంటారేమోనని."

అలా భయపడిన పిల్ల గేటు వద్దనాలి కదా. వద్దనకపోగా కావాలంటోంది. చాముండేశ్వరి ఆ రెండు ముక్కల్ని ఎంత అతికించాలని చూసినా అతకలేదు.

రైల్వే ఊరైన బిట్రగుంటలో తన చిన్నప్పటి సంగతి వేరు. తెల్లదొరలు వెళ్ళిపోయి చాలా ఏళ్ళైనా దొరల బంగళాలు అలాగే ఉండేవి. వాటిల్లో మన ఆఫీసర్లు దిగారు. పనిమనుషులు ఎప్పటిలాగే పెరటి వాకిట్లోంచి వెళ్ళేవాళ్ళు. తండ్రి క్వార్టర్స్ గోడ మీద దాని తరగతి పెయింటుతో రాసి ఉండేది. ఎవరెక్కడ ఆగాలో ఆ గోడే చెప్పేది. అది మంచిదని కాదు. కానీ కనపడేది. ఇక్కడ గోడ మీద ఏమీ రాయలేదు, అందరూ నవ్వుతూ చెయ్యి ఊపుతారు, అయినా పిల్లాడు పూల్ దగ్గర్నించి వెనక్కి వచ్చాడు.

"బొట్టు పెట్టాక రావద్దనడం ఎక్కడైనా విన్నారా?" అని భర్తనడిగింది.

"నన్నడుగుతావేం? నేనెప్పుడైనా పెట్టానా?" అన్నాడు తిరుపతయ్య, ఈజీచైర్‌లోంచి కదలకుండా.

గురువారం సాయంత్రం యోలాండా వచ్చింది. పళ్ళ డాక్టరు, పొడుగ్గా, తెల్లగా నెరిసిన పొట్టి జుట్టుతో ఉంటుంది. ఓటింగ్ సంగతి మాట్లాడటానికి ఉమాకాంత్ కోసం వచ్చింది. అతను ఫోన్ మీద ఉండడంతో వంటింటి దగ్గర స్టూల్ మీద కూర్చుంది. చాముండేశ్వరి మనవరాలు సంహితని పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడది ఏ ఊరని అడగమంది. ఆవిడ చాలాసేపు చెప్పింది. సంహిత తన అమెరికా నాలుకతో తెలుగులోకి మార్చింది.

"అమ్మమ్మా, ఆంటీ చెప్తుంది, వాళ్ళ గ్రాండ్‌మా వాళ్ళ గ్రాండ్‌మాకి ఇక్కడే, ఈ కౌంటీలో లాండ్ ఉండేది. చాలా ఏళ్ళ ముందు. అప్పుడు బ్లాక్ పీపుల్ అందరినీ వెళ్ళిపో అన్నారు. గన్స్‌తో. వాళ్ళు హౌస్, ఆవులు, అన్నీ వదిలి వెళ్ళిపోయారు. తర్వాత చాలా ఏళ్ళు ఎవరూ రాలేదు. అందుకే ఆంటీ పట్టుపట్టి ఇక్కడే ఇల్లు కొన్నది."

చాముండేశ్వరి కళ్ళు నిండాయి. "వెళ్ళేటప్పుడు ఎవరికైనా చెప్పి వెళ్ళారా అని అడుగు."

సంహిత అడిగింది. యోలాండా తల అడ్డంగా ఊపి, చేతిలో గ్లాసుని బల్ల మీద అటూ ఇటూ జరిపింది.

"ఇప్పుడు గేటు కావాలా వద్దా అడుగు."

"అది బాగుండదు అమ్మమ్మా."

"అడుగు."

ఈసారి జవాబు చిన్నదే. "కావాలి అంటుంది. తను చాలా కష్టపడి లోపలికి వచ్చింది అంటుంది. మళ్ళీ ఎవరూ తనని వెళ్ళిపో అనకూడదు అంటుంది."

తప్పనడానికి చాముండేశ్వరికి నోరు రాలేదు. ఒప్పనడానికీ రాలేదు. ఏం చెయ్యాలో తోచక భరిణె తెచ్చి ఆవిడకీ బొట్టు పెట్టింది. యోలాండా వంగి పెట్టించుకుని, రేపు తప్పకుండా వస్తానంది. రావడానికి ఆవిడకి అడ్డేం లేదు.

ఆవిడ వెళ్ళాక పూజిత, "నీ ఫ్రెండ్‌ని రావద్దని నువ్వే ఏదో ఒకటి చెప్పమ్మా. నేను చెప్తే బాగుండదు," అంది. చాముండేశ్వరి లీలావతి నంబరు నొక్కింది. మోగకముందే కట్టేసింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ కట్టేసింది.

శుక్రవారం పూజ అయ్యి, మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ దానంతటదే మోగింది.

"అక్కా, ఏమనుకోకు. మాకు సూతకమచ్చింది. ఊర్ల మా దాయాది ఒకాయన పోయిండట. పది దినాలు ఎక్కడికీ పోవద్దు. నువ్వు సుత ఇటు రాకు, వ్రతం చేసుకున్నదానివి."

చాముండేశ్వరి, "అయ్యో పాపం," అంది. ఫోన్ పెట్టేశాక అక్కడే నిలబడిపోయింది. సూతకమన్నా మైలన్నా ఒకటే. నిజంగా మైలైతే తను ఆ ఇంటి ఛాయలకి వెళ్ళకూడదు. అబద్ధమైతే ఈ క్షణమే వెళ్ళాలి. నిజమో అబద్ధమో తెలియాలంటే ముందు వెళ్ళాలి.

"నువ్వు గానీ ఆవిడకి ఏమైనా చెప్పావా?" అని కూతుర్నడిగింది.

"నేనెందుకు చెప్తాను?" అంటూ పూజిత అరటిపళ్ళ అత్తం విడదీస్తోంది. మొహం కనపడలేదు. కనపడినా అందులో ఏముందో పోల్చుకోగలననే ధైర్యం చాముండేశ్వరికి లేదు. ఇబ్బంది దానంతటదే తొలగిపోయిందని తన గుండెలోనూ ఎక్కడో తేలిక కలిగింది. ఆ తేలికే ఆవిడని ఎక్కువ భయపెట్టింది.

సాయంత్రం క్లబ్‌హౌస్ నిండా పట్టుచీరలు. యోలాండా పసుపుపచ్చ గౌనులో వచ్చి, నుదుటి మీద నిన్నటి బొట్టు చెరిగిపోకుండా జాగ్రత్త చేశానని చూపించింది. చాముండేశ్వరి అందరికీ గంధం రాసింది, పసుపు పూసింది, శనగలు మూటలు కట్టి ఇచ్చింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా చూసింది. లోపలివాళ్ళు తీస్తేనో, తాళపు బిళ్ళ తాకిస్తేనో తప్ప ఆ తలుపు తెరుచుకోదు. లీలావతి వచ్చి బయట నిలబడిపోయి ఉంటే? ఆ ఆలోచన వచ్చాక చేతులాడలేదు. ఒక తాంబూలం కొంగుచాటున పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా బయటపడింది.

బయట ఇంకా ఎండగానే ఉంది. కాలిబాట మొదట్లో రెండు ఇనుప స్తంభాలు పాతి ఉన్నాయి. గేటుకి ఇంకా ఓటింగ్ కాలేదన్నారే అనుకుంది. వాటి మధ్యలోంచి, ఏదైనా తగులుతుందేమోనన్నట్టు భుజాలు ముడుచుకుని దాటింది.

తలుపు తీసింది లీలావతే. పాత నూలు చీరలో ఉంది.

"నువ్వెందుకచ్చినవక్కా? దూరముండు, అంటు."

ఆవిడ భుజం మీదుగా వంటగది కనిపిస్తోంది. గట్టు మీద లక్ష్మీదేవి పటం, దాని ముందు వెలుగుతున్న దీపం. ఇల్లంతా బూరెల వాసన. సోఫా మీద ఇస్త్రీ చేసిన పట్టుచీర మడత విప్పకుండా ఉంది.

"మైలలో దీపం పెట్టారేం?" అంది చాముండేశ్వరి.

లీలావతి వెనక్కి తిరిగి, అప్పుడే చూసినట్టు చూసింది. "కోడలు. మర్సిపోయి పెట్టింది."

"బూరెలూ మర్చిపోయే వండిందా?"

లీలావతి తలుపు కొంచెం దగ్గరికి లాగింది.

"నీకెవరైనా ఏమైనా అన్నారా? మా అమ్మాయి ఫోన్ చేసిందా? నాకు నిజం చెప్పు, నాకు ఏదీ తెలియడం లేదు."

"ఎవ్వరేమనలే. దాయాది పోయిండని చెప్పిన గద. ఇంక పో అక్కా, నీకు మంచిగుండదు. ఆడ అందరు ఎదురుచూస్తుంటరు."

కొంగుచాటు తాంబూలం తడి తగులుతోంది. దాన్ని ఇచ్చినా లీలావతి తీసుకోవడానికి లేదు. తీసుకుంటే అబద్ధం ఒప్పుకున్నట్టు. ఇవ్వకుండా తిరిగి వెళ్తే ఇక ఈ మనిషి మళ్ళీ కనపడేదీ కనపడనిదీ తెలియదు. తను ఇబ్బంది పడకూడదని ఈవిడ బతికున్నవాళ్ళలోంచి ఒకణ్ణి పోయాడనేసిందా? లేక నిజంగానే ఎవరో పోయారా? వెళ్ళలేకా, నిలబడలేకా చాముండేశ్వరి చెయ్యి చాచి లీలావతి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అరెరె, ముట్టుకున్నవేందక్కా?"

"ముట్టుకున్నాను. నాకూ తగిలింది. ఇంక స్నానం చేస్తే గానీ అక్కడికి వెళ్ళకూడదు. వెళ్ళను," అని చెప్పులు విడిచి గడపలో చతికిలబడింది. కాసేపటికి లీలావతీ పక్కన కూర్చుంది. కింద ఎవరి పిల్లలో బంతాట ఆడుతున్నారు.

ఫోన్ మోగింది. పూజిత.

"ఎక్కడికెళ్ళావమ్మా? అందరూ నీకు చెప్పి వెళ్దామని నిలబడ్డారు."

"నేను రాకూడదే. మైల తగిలింది."

"ఎవరు పోయారు?"

చాముండేశ్వరి ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. "ఎవరు పోయారని అడుగుతోంది. ఏం చెప్పమంటావ్?"

లీలావతి నేల చూపులు చూస్తూ, "పేరు ఇంకా అనుకోలే," అంది.

నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చాముండేశ్వరికి తెలియలేదు. చెయ్యి తీసి, "కనుక్కుని చెప్తానుండు," అంది కూతురితో.