ఐదు చన్నుల ఆవు

శింగనమల దగ్గర ఒక పల్లెలో ఆదెన్న చేని పక్కగా పోయేవారికి ఒక వింత కనిపించేది. మనుషులే గాలి ఆడక అల్లాడే ఎండల్లో అక్కడి రేకుల షెడ్డు మాత్రం నాలుగు పక్కలా టార్పాలిన్ పట్టలు కప్పుకుని ఉండేది. "లోపల ఏముండాయప్పా?" అని అడిగితే "ఫారం" అనేవాడు ఆదెన్న. ఏ ఫారమో చెప్పేవాడు కాదు. వానల్లేక వేరుశెనగ ఏటా ఎండిపోతుంటే ఆయన పందులు పెట్టుకున్నాడు. తాతల నాటి నుంచి సేద్యం చేసిన ఇంట్లో పందులా అని బంధువులు ముక్కు మూసుకుంటారని ఆయన భయం. ఆ ఇంటికి అన్నం పెడుతున్నది ఆ పందులేనని మాత్రం ఆయనకూ తెలుసు.

వాటిలో పెద్దది ఈనింది. ఈనిన రెండో రోజుకే పొదుగు ఎర్రగా కమిలి రాయిలా గట్టిపడింది. పిల్లలు దగ్గరికొస్తే కసురుకుని, పొట్ట నేలకానించి బోర్లా పడుకుంటోంది. పాలు లేక రెండు పిల్లలు చచ్చిపోయాయి.

"పశువుల డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి" అని భార్య మారెక్క పోరు పెట్టింది.

"ఆయమ్మ ఈడికొస్తే ఊరంతా చూస్తాది. నా మానం పోతాది" అన్నాడు ఆదెన్న. చివరికి గొప్ప ఉపాయం తట్టినవాడిలా ఫోన్ తీశాడు.

"మేడమ్, మా ఆవుకు పొదుగు వాచింది. మందు పేరు చెప్తే నేనే తెచ్చుకుంటా."

డాక్టర్ అరుణజ్యోతి ఓపికగా అడిగింది. "ఎన్ని చన్నులు గట్టిపడ్డాయి?"

ఆదెన్న వంగి, నిజాయితీగా లెక్కపెట్టాడు. "ఐదు మేడమ్."

"ఆవుకు ఉండేవే నాలుగు కదయ్యా!"

"మాది... కొంచెం పెద్ద ఆవు మేడమ్."

"సరే, దూడ పాలు తాగుతోందా?"

"ఒక్కటి గూడా తాగల్యా. ఎనిమిదీ ఒకటే అరుపు!"

అబద్ధమాడడానికీ అలవాటుండాలి కదా! సరిగ్గా అప్పుడే ఆ ఎనిమిది దూడలూ ఒక్కసారిగా కీచుమన్నాయి.

మారెక్క ఫోన్ లాక్కుంది. "ఆవు కాదు తల్లీ, పంది. రెండు పిల్లలు పాయ. నువ్వు రామ్మా" అని చెప్పి, మొగుడి మీదికి తిరిగింది. "నీ మానం పాలిస్తాదా వీటికి? పాప పుట్టినప్పుడు నాకూ రొమ్ము ఇట్లే గడ్డకట్టింది. సిగ్గుతో ఎవురికీ చెప్పకుండా ఎంత ఏడ్చినానో నీకేం తెలుసు!"

అన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆదెన్న వినడం అదే మొదలు.

డాక్టరమ్మ వచ్చింది. దారి తెలియక బస్సు ఆగేచోట స్కూటీ ఆపి, "పందుల ఆదెన్న షెడ్డు ఎక్కడ?" అని గట్టిగా అడిగింది. పక్క చేని బాలప్ప దారి చూపించడానికి ముందు పరిగెత్తాడు. వెనక సగం ఊరు. ఆదెన్న గడ్డివామి చాటుకు పోయి నక్కాడు.

"ఇవతలికి రాప్పా!" అని నవ్వాడు బాలప్ప. "గాలి మా ఇంటికల్లే గదా కొట్టేది! మాకందరికీ ఎప్పుడో తెలుసు. నువ్వే చెప్తావని చూస్తాండాం."

డాక్టరమ్మ సూదులు వేసింది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో కాపడం పెట్టమంది, వాపు తగ్గేవరకూ పిల్లలకు సీసాతో పాలు పట్టమంది. తర్వాత కింద చూసింది. నేలంతా తడి, కంపు.

"పొదుగువాపు వచ్చింది ఈ తడిలో పడుకునే. అనంతపురంలో వాన లేకపోయినా ఎండకు కరువు లేదు కదయ్యా! దాన్ని కూడా రానీయకుండా పట్టలు కట్టావా?"

ఎవరూ చెప్పకముందే ఆదెన్న కొడవలి తెచ్చి తాళ్ళన్నీ తెగ్గోశాడు.

కొన్నాళ్ళకు పంది పక్కకు ఒత్తిగిలి పడుకుంది. ఎనిమిది పిల్లలూ తోసుకుంటూ పాలకు ఎగబడ్డాయి. చూస్తున్న ఆదెన్న కళ్ళు తడిశాయి. అదే సమయంలో బాలప్ప వచ్చి, గొంతు తగ్గించి, "అన్నా, నేనూ నాలుగు పందులు పెట్టుకుందామనుకుంటాండా. ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు.

"అందరికీ చెప్పే పెట్టుకో బాలప్పా!" అన్నాడు ఆదెన్న. "కష్టం చేసుకోని తినేవానికి సిగ్గెందుకు? నేను సిగ్గుపడినందుకు నోరులేని ప్రాణాలు రెండు పోయినాయి."