నల్లగోళం పక్కన పావుగంట

ఆ మంగళవారం ఆఫీసులో ఇచ్చిన జాబితాలో ఆ కూడలి పేరు చూడగానే చెల్లెలు దాన్ని మరోసారి చదివింది. అక్క కుట్టుమిషన్ పెట్టుకునేది అక్కడే.

నాన్న ఆఖరి రోజుల్లో చెల్లెలు ఆఫీసు పనిమీద ఎండ వేడి కొలుస్తూ ఊళ్లు తిరుగుతోంది. కబురందాక కూడా పని ముగించుకుని వెళ్దామని ఒక్కరోజు ఆగింది. అంతే, ఆయన కడచూపు దక్కలేదు. అప్పటినుంచీ నాలుగేళ్లుగా అక్క పలకరింపు లేదు. ఏ మంచి కబురైనా ముందు అక్కకే చెప్పాలని చెల్లెలు ఫోను తీసేది, మళ్లీ పెట్టేసేది.

మధ్యాహ్నం ఆ కూడలిలో ఆమె మూడుకాళ్ల స్టాండు నిలబెట్టింది. ఛాతీ ఎత్తున నల్లరంగు పూసిన రాగిగోళం, దాని లోపల థర్మామీటరు. పక్కనే తడిగుడ్డ చుట్టిన ఇంకో థర్మామీటరు. గోళం ఎండకు కాగి కుదురుకోవడానికి పావుగంట పడుతుంది. ఈలోగా అక్కడున్నవాళ్లను ప్రశ్నలడగాలి. అక్కడున్నది అక్క ఒక్కతే.

"నమస్కారమండీ, ఎండ మీద సర్వే," అంది.

అక్క తలెత్తలేదు. "అడగండి."

ఆ 'అండి' చురుక్కుమంది.

"ఇప్పుడు మీకెలా ఉంది? చల్లగానా, వేడిగానా, మరీ వేడిగానా?"

"మాడిపోతోంది. రాసుకోండి."

"ఇంకాస్త చల్లబడితే బాగుండు అనిపిస్తోందా?"

మిషన్ ఆగింది. "అనిపిస్తే మాత్రం ఎవరొస్తారు?"

చెల్లెలు కాగితంలోకి తల దించేసుకుంది. తన నీడ గోళం మీద పడకుండా ఎండలోనే ఓ పక్కగా నిలబడింది. అక్క చూసీ చూడనట్టు చూసి, విసుక్కుంటూ లేచి, పెద్ద గొడుగు తెచ్చి ఆమె తలమీద పట్టింది.

"మెదడు కరిగిపోదూ? చిన్నప్పట్నుంచీ ఇంతే, చెబితే వినవు."

గొడుగు నీడ గోళాన్ని కూడా కప్పేసింది. నీడ పడితే కొలత చెడుతుందని చెల్లెలికి తెలుసు. అయినా జరపమనలేదు.

"కొలత పాడైందక్కా," అంది కాసేపటికి. "మళ్లీ మొదట్నుంచీ. ఇంకో పావుగంట."

"అయితే కూర్చో." అక్క నీడలోకి స్టూలు లాగింది. చెల్లెలు స్టాండును ఎండలోకి జరిపి వచ్చి కూర్చుంది. తర్వాత అక్కే అంది, "నాన్న గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయాడు."

"ఏమన్నాడు? నాకెవరూ చెప్పలేదు."

అక్క నోరు తెరిచేసరికి చొక్కాల సంచితో ఒకావిడ వచ్చి నిలబడింది.

"ఆదివారం ఇంటికి రా, చెబుతా," అంది అక్క టేపు అందుకుంటూ, స్టాండు వైపు చూసి. "ఆ కర్రా బంతీ మాత్రం తేకు."

చెల్లెలు అంకె రాసుకుని, స్టాండు మడిచి, తర్వాతి చోటుకి బయల్దేరింది. ఆదివారానికింకా ఐదు రోజులున్నాయి.