నీళ్ళ దొడ్డికి నడిచిన కుండీ

సోమవారం పొద్దున పదీ ఇరవైకి, మైక్రోస్కోపు మీదకి వంగి తొమ్మిదో నంబరు మేక పెంటికలు పరీక్ష చేస్తున్న అమ్మడు చటుక్కున తల వెనక్కి తీసుకుంది. వాసనకి కాదు. ఆ వాసన అలవాటై ఏడాది దాటింది. గాజు పలక మీద గళ్ళన్నీ ఒక్కొక్కటే జరుపుకుంటూ చూస్తే నట్టల గుడ్లు రెండే రెండు. పోయిన సోమవారం ఇదే మేకకి నలభై ఒకటి.

తగ్గితే మంచిదేగా అంటారు. కానీ తొమ్మిదో నంబరుది నీళ్ళ దొడ్డి.

సంగతేంటంటే, ఆ పశువుల మందుల కేంద్రంలో ఇరవై మేకలున్నాయి. అన్నిటి కడుపులోనూ రక్తం పీల్చే నట్టలే. మందు దొడ్డిలో పదింటికి రోజూ పొద్దున్నే ఆకు కషాయం గొట్టంతో తాగిస్తారు. నీళ్ళ దొడ్డిలో పదింటికి అదే గొట్టంతో ఉత్త నీళ్ళు. ఇరవై ఎనిమిది రోజులయ్యాక మందు దొడ్డికి తగ్గి, నీళ్ళ దొడ్డికి తగ్గకపోతే ఆకు పనిచేసినట్టు. నీళ్ళ దొడ్డి పదీ జబ్బుగానే ఉండాలి. లేకపోతే దేనితో పోల్చి చూస్తారు?

ఆ ఆకు అమ్మడి పెద్దమ్మది. నలభై ఏళ్ళపాటు అడిగినవాళ్ళ మేకలకల్లా ఊరికే కషాయం కాచి ఇచ్చిన మనిషి. రెండేళ్ళ కిందట ఎవరో ఆఫీసరు వచ్చి, పరీక్ష కాని మందు వాడొద్దని ఇంటింటికీ చెప్పిపోయాడు. అంతే, పెద్దమ్మ గడప తొక్కినవాళ్ళు లేరు. అమ్మడు చదువు ముగించి ఈ ఉద్యోగంలో చేరగానే ఆవిడే మొక్కని కుండీతో సహా తెచ్చి కేంద్రం వరండాలో దింపింది.

"నా ఆకు మంచిదో కాదో నువ్వే తేల్చవే. కానీ నా మొహం చూసి ఒక్క అంకె అటూ ఇటూ చేశావో, చెవి మెలేస్తా."

అమ్మడు నీళ్ళ దొడ్డిలో మిగతా తొమ్మిదింటి పలకలూ చూసింది. మూడు, ఒకటి, సున్నా, రెండు, అన్నీ అంతే. లేచి దొడ్డి వైపు పరిగెత్తింది.

తొమ్మిదో నంబరు మేకకి ఆ జబ్బుతో దవడ కింద సంచిలా నీరు దిగి వేలాడుతుండేది. అందుకే దొడ్డి చూసుకునే అన్న దానికి దవడమ్మ అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఆ సంచీ లేదు. అన్న తువ్వాలు కొస నోట్లో పెట్టుకుని దవడమ్మ హాయిగా నములుతోంది. కంటి కింది రెప్ప తిప్పి చూస్తే రక్తం పట్టి ఎర్రగా, కళకళలాడుతూ ఉంది.

"దీనికేం పెడుతున్నావన్నా?"

"నేనేం పెడతాను డాక్టరమ్మా, నువ్విచ్చిన నీళ్ళేగా," అన్నాడు అన్న, తువ్వాలు లాక్కుంటూ. "ఆకంటావా, అది మీ కుండీయే పెడుతోంది."

అప్పుడు చూసింది అమ్మడు. వరండా నుంచి నీళ్ళ దొడ్డి గేటు దాకా తడి మట్టిలో కుండీ అడుగు గీసిన చార.

"రోజూ పోతోందా?"

"రోజూ. పొద్దున్నే నేనే మోసుకొచ్చి మళ్ళీ వరండాలో పెడుతున్నా. నడుం పడిపోతోంది."

"మరి చెప్పలేదేంటన్నా!"

"బాగుంది! మీ ఇంటి మొక్కేగా, నీకు తెలీదా?"

తెలుసు. చిన్నప్పుడు అమ్మడికి కడుపులో పాములు పడితే ఆ కుండీ మంచం పక్కకి చేరి మూడు రోజులు కదల్లేదు. అమ్మ దానికి చీపురు తగలకుండా చుట్టూ తిరిగి మరీ ఇల్లు ఊడ్చుకునేది. అయినా మా ఇంటి తలుపుకి గొళ్ళెం ఉందని ఎవరైనా పనిగట్టుకుని చెబుతారా?

అమ్మడు వెళ్ళి అంతా చెప్పాక, కేంద్రం నడిపే పెద్ద మేడమ్ కళ్ళజోడు పైకి జరిపి, మొదటి రోజు నింపిన ఫారం తీసింది.

"మొక్క రకం. తీగ, పొద, నడిచేది. నువ్వు పొదకి టిక్కు పెట్టావు."

"పొదే కదా మేడమ్... ఒక్కదానికే పెట్టమన్నారు."

"నడిచేదాన్ని పొద అంటే ఎలాగమ్మా? నడిచేదని రాసుంటే మొదటి రోజే కట్టించేదాన్నిగా!" మేడమ్ పెన్ను మూత పెట్టింది, తీసింది. "శుక్రవారం అయిదింటికల్లా రిపోర్టు వెళ్ళాలి. రెండు దొడ్లకీ తేడా లేదని రాస్తే అంకెలు అంకెల్లాగే ఉంటాయి, నీ ఉద్యోగం నీకుంటుంది. కుండీ తిరిగిందని రాస్తే పరీక్ష రద్దు. నడిచేదని రాయనందుకు నిన్ను ఉంచరు. నేను ఆపలేను."

"తేడా లేదంటే ఆకు పనిచెయ్యదనేగా అర్థం?"

"చదివేవాళ్ళకి అంతే అర్థమవుతుంది."

అమ్మడు మెట్ల మీద కూర్చుని పెద్దమ్మకి ఫోన్ చేసింది. అంతా విని పెద్దమ్మ ముందు నవ్వింది. "పోకుండా ఎలా ఉంటుందే? పక్కనే మేకలు మూలుగుతుంటే!"

"ఈసారి కట్టేసి మళ్ళీ చేస్తే?"

"మీ తాతయ్య ఒకసారి గుంజకి కట్టాడు. మూడో రోజుకి ఆకులో చేదు పోయింది. గడ్డి నమిలినట్టే. విప్పిన వారానికి గానీ మళ్ళీ మందు కాలేదు."

"గదిలో పెట్టి తాళం వేస్తేనో?"

"తాడైనా తాళమైనా దానికొకటే," అంది పెద్దమ్మ. "తిన్నావా?"

తినలేదు. మంగళవారం కూడా సరిగ్గా తినలేదు. బుధవారం నిద్ర పట్టక లేచి కూర్చుని, అంకెలన్నీ మళ్ళీ కూడింది. అదే జవాబు. గురువారం బస్సులో తన స్టాపు దాటిపోయి, వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. పేపరు మీద తేడా లేదు. దొడ్డిలో ఇరవై మేకలు గంతులేస్తున్నాయి. మందు అందరికీ పనిచేసింది కాబట్టి ఎవరికీ పనిచెయ్యనట్టే! ఆ మాట బుర్రలో గిరగిరా తిరిగి ఎక్కడా ఆగట్లేదు. ఇంటి అద్దె, అమ్మ మొహం, పెద్దమ్మ ఖాళీ వాకిలి, అన్నీ దాని వెంటే తిరుగుతున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం అన్న తలుపులోంచి తొంగిచూశాడు. "డాక్టరమ్మా, కుండీ కనపడ్డం లేదు. నీళ్ళ దొడ్డిలో లేదు, మందు దొడ్డిలో లేదు. మేకలన్నీ బాగైపోయాయిగా, అలిగి ఇంటికెళ్ళిపోయిందేమో చూడు."

"చూస్తాలే అన్నా," అంది తల ఎత్తకుండా. నాలుగున్నరైంది. రిపోర్టు చివరి గడిలో 'తేడా లేదు' అని టైపు చేసేసింది. ఇక పంపడమే మిగిలింది. వేలు మీట మీద పెట్టింది.

కాలి మడమకి చల్లగా ఏదో తగిలింది.

వంగి చూస్తే బల్ల కింద కుండీ. అడుగున ఇంకా దొడ్డి మట్టి ఉంది. గుమ్మం దగ్గర్నుంచి చార గీసుకుంటూ వచ్చి, అమ్మడి చెప్పులకి ఆనుకుని నిలబడింది. ఒక కొమ్మ ఆమె మోకాలి దాకా వంగి ఉంది.

అమ్మడు మీట మీంచి వేలు తీసింది. తర్వాత ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత చేదు. మింగింది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆకలేసింది.

చివరి గడిలో ఉన్న రెండు మాటలూ చెరిపేసి, ఆగకుండా టైపు చేసింది.

"ఈ రిపోర్టు చదివేవాళ్ళకి నమస్కారం. నీళ్ళ దొడ్డి మేకలు నీళ్ళతో బాగుపడలేదు. మొక్క రోజూ నడిచి వెళ్ళి వాటికి ఆకు పెట్టింది. అది నడిచేదని నేను ఫారంలో రాయలేదు. తప్పు నాదే. ఈ పరీక్ష చెల్లదు. మళ్ళీ చెయ్యాలంటే మొక్కని కట్టెయ్యాలి, కట్టేస్తే అది మందు కాకుండా పోతుంది. వదిలేస్తే జబ్బుగా ఉన్న మేకని జబ్బుగా ఉండనివ్వదు. సోమవారం నుంచి నాకీ కుర్చీ ఉండదు. కుండీని ఎక్కడికి తీసుకెళ్ళినా అది చేసేది ఇదే. పనిచేస్తుందని నాకు తెలుసు, ఇరవై మేకలకి తెలుసు. మీకు తెలియాలంటే ఇప్పుడు నేనేం చెయ్యాలి? మీరే చెప్పండి."

అయిదుకి రెండు నిమిషాలుండగా పంపించింది.