కర్ర ముందు, కాలు వెనక

అగ్నిపర్వతం చల్లబడి యుగాలైనా దాని కడుపుమంట మాత్రం చల్లారలేదు. నల్లరాతి పెచ్చు కింద బురద ఇంకా కుతకుతలాడుతూనే ఉంది. గైడమ్మ కడుపులోనూ అంతే.

"నన్ను ఏనుగు తొండం కింద నిలబెట్టు మరదలా. పోస్టర్ అదిరిపోవాలి," అన్నాడు బావ. టూర్ కంపెనీ అతనిదే. లావా కారుతూ కారుతూ గడ్డకట్టి తొండంలా వంగిన రాయి అది. కంచె అవతల అతని పెళ్లాం, గైడమ్మ అక్క, కెమెరాతో సిద్ధంగా ఉంది. చెల్లెలితో ఆమె మాట్లాడి ఏడాది దాటింది.

అక్కడి గైడ్లకి ఒకటే సూత్రం: కర్ర ముందు, కాలు వెనక. తడితే ఖంగుమంటే గట్టి నేల. డొల్లగా మోగితే కింద మరిగే బురద. పోయినేడు వాళ్ల తమ్ముడు కర్ర లేకుండా నడిచి నడుందాకా దిగబడిపోయాడు. "కర్ర మర్చిపోయాడు. వాడి పొగరే వాణ్ని మింగింది," అన్నాడు బావ. ఆస్పత్రి మంచం మీద పోయేముందు తమ్ముడు చిన్నక్క గైడమ్మతో చెప్పింది వేరు. ఫోటోకి అడ్డమని బావే కర్ర లాక్కుని నడవమన్నాడట. ఆ మాట చెప్పబోతే, "జ్వరంలో పలవరించాడే. నా కాపురంలో నిప్పులు పోయకు," అని అక్క తలుపేసుకుంది.

గైడమ్మ తట్టుకుంటూ, వంకరటింకరగా తిప్పి బావను తొండం కిందికి చేర్చింది. అతడు తన కర్ర చంకలో పెట్టుకుని జుట్టు సర్దుకుంటున్నాడు.

"ఫోటోకి కర్ర అడ్డం బావా. ఇలా ఇవ్వు."

ఇచ్చేశాడు. ఆమె మళ్లీ తట్టుకుంటూ కంచె దగ్గరికి వచ్చేసింది. నల్లరాతి మీద అడుగుజాడలు పడవు.

"ఇప్పుడు నడువు బావా."

"కర్రేదీ?"

"దేనికి? నాలుగడుగులేగా!"

బావ కాలెత్తాడు. ఎత్తిన కాలు దించలేకపోయాడు. పక్క గుంటలో బురద గుడగుడమంది.

"వేళాకోళమా? చచ్చిపోతానే!"

"తమ్ముడితో ఏమన్నావో చెప్పు. కర్ర నీదే."

"ఏమన్నాను? వాడే..."

బుస్సుమని ఆవిరి లేచింది. అతడి గొంతు కీచుమంది. "సరే, నేనే లాక్కున్నా! ఏం కాదు నడవరా అన్నా! చాలా? విసురు!"

అక్క చేతిలోని కెమెరా కిందికి వాలింది. ఆమె చెల్లెలి దగ్గర్నుంచి బావ కర్ర తీసుకుంది. బావ మొహం వెలిగింది. అక్క దాన్ని కంచెకి ఆనించింది.

"ఏమే! నా మొహం చూడవే!"

"ఏడాదిగా చూస్తూనే ఉన్నా," అంది అక్క.

ఇద్దరూ దారి పట్టారు. కాస్త దూరం పోయాక అక్క గొంతు తగ్గించి అడిగింది. "అక్కడ నేల..."

"బండరాయి. ఏనుగులు గంతులేసినా పగలదు. తట్టిన ప్రతిసారీ ఖంగుమంది. చెవి పెడితే వినిపించేది."

అక్క వెనక్కి చూసింది. తొండం కింద అతడు ఇంకా కొంగలా ఒంటికాలి మీదే ఉన్నాడు.

"వెళ్లి చెప్పొద్దామా?" అంది చెల్లెలు.

"చీకటి పడనీ," అంది అక్క.