ఓడలో డిన్నరుకి గంధం

కంపెనీవాళ్ళు ఓడ ఎక్కిస్తామంటే వెంకటకృష్ణారావు ముందు నమ్మలేదు. నమ్మకపోవడం ఆయన తప్పూ కాదు. ఆటోనగర్‌లో ట్రాక్టరు సామాన్ల కొట్టు తెరిచిన నాటినుంచి కంపెనీలు ఆయనకిచ్చిందల్లా గోడగడియారాలూ కుక్కర్లూను. ఈసారి ఏకంగా క్రూయిజు! వైజాగ్‌లో ఎక్కాలట, మూడు రాత్రులు నీళ్ళ మీదే ఉండాలట, మొగుడూపెళ్ళాం జంటగా రావాలట. రెండోనాటి సాయంత్రం పెద్ద డిన్నరు. ఆ డిన్నరుకి మగవాళ్ళు సూటూ బూటూ వేసుకోవాలనీ, ఆడవాళ్ళు గౌను గానీ పట్టుచీర గానీ కట్టుకోవాలనీ వాట్సాప్‌లో ఓ నోటీసు కూడా పడేశారు.

వేరే ఏ ఏడాదైనా అయితే ఆ నోటీసు చూసి ఆయన భార్య ఉషశ్రీ ఎగిరి గంతేసేది. పెళ్ళయిన నాటినుంచి ఆయన ఒంటి మీది బట్ట ఆవిడ చెప్పిందే. ఏ పెళ్ళికి ఏ చొక్కా, ఏ చొక్కా మీదకి ఏ ప్యాంటు, అన్నీ మంచం మీద పెట్టేస్తే తొడుక్కుని పోవడమే ఆయన పని. అయ్యగారికి తన బనీను సైజు కూడా తెలీదంటే చూసుకోండి. అలాంటి మనిషి ఈసారి ఆ నోటీసు చదివి, ఫోను బోర్లా పెట్టేసి కూచున్నాడు. ఎందుకంటే ఉషశ్రీకి రొమ్ము కేన్సరు. ఆపరేషనయింది, మందు ఎక్కిస్తున్నారు. తల మీద ఒక్క వెంట్రుక లేదు. కనుబొమలు కూడా రాలిపోయాయి.

ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప పిట్టకి కూడా తెలీదు. ఎవరడిగినా మైలవరంలో అక్కగారింట్లో ఉందని చెప్పమంది ఆవిడ.

"చెప్పారంటే ఊరుకోను. యాపిల్‌పళ్ళు పట్టుకుని ఆటోలు కట్టించుకుని మరీ దిగుతారు మీ ఆటోనగర్ జనం. నేను పోయాక రావాల్సినవాళ్ళు ముందే వచ్చి నా మొహం మీదే అయ్యో అయ్యో అంటుంటే వినే ఓపిక నాకు లేదు."

ఓడ సంగతి చెబితే వద్దంటుందనుకున్నాడు. వెళ్దామంది.

"ఒక్క పూట కావాలండీ నాకు. నన్ను చూసి ఎవరూ అయ్యో అనని పూట. ఆ డిన్నరుకి అందరిలా ముస్తాబై, నలుగురిలో కూచుని నవ్వాలి. అంతే. మీరు మాత్రం నోరు జారకండి."

"నేనెందుకు జారతానే?" అన్నాడాయన. ఆ మాట ఇచ్చినంత తేలిగ్గా ఆ మనిషి జీవితంలో ఏ మాటా ఇవ్వలేదు.

డాక్టరుని అడిగితే ఆయన తలెత్తి, "భేషుగ్గా తీసుకెళ్ళండి. ఆవిడ సరదా తీర్చండి" అన్నాడు. కృష్ణారావుకి గుండెలో రాయి పడింది. బయట తిండి వద్దు, జనంలో తిరగొద్దు అని అయినదానికీ కానిదానికీ కసిరే డాక్టరు ఇంత సులువుగా ఎందుకన్నట్టు? ఇంకా మందు ఎక్కించాల్సింది మిగిలే ఉంది, ఆ తర్వాత స్కానింగు. ఆసుపత్రి మెట్లు దిగుతూనే మనసులో మొక్కుకున్నాడు: స్వామీ, ఇది బతికి బట్టకడితే నీ కొండకొచ్చి నా తలనీలాలు ఇచ్చుకుంటాను. ఆ మొక్కు సంగతి ఉషశ్రీకి కూడా చెప్పలేదు.

ఇక విగ్గు కొనే ముచ్చట. గవర్నర్‌పేటలో వెతికి వెతికి ఓ కొట్టు పట్టుకుంటే, అక్కడివాడు "రాజు వేషానికా సార్, రాణి వేషానికా?" అనడిగాడు. కృష్ణారావుకి ఏం చెప్పాలో తెలీక, "ఇంట్లోకి" అన్నాడు. ట్రాక్టరు బేరింగు చేత్తో పట్టుకుంటే అసలో నకిలీయో చెప్పగల మనిషే, కానీ జుట్టు ముందు నిలబడితే ఏం చూడాలో తెలీలేదు. భుజాల దాకా ఉన్న నైలాను విగ్గొకటి కొనుక్కొచ్చాడు. ఉషశ్రీ పెట్టుకుని అద్దంలో చూసుకుని, "బాగానే ఉంది, సీరియల్లో అత్తగారిలా ఉన్నా" అంది. ఆయన నవ్వబోయి దగ్గాడు.

ఆ విగ్గుని డిన్నరుకని దాచి, ఓడ ఎక్కేటప్పుడు మాత్రం కనుబొమలు దిద్దుకుని, తలకీ చెవులకీ స్కార్ఫు చుట్టేసుకుంది. అడిగినవాళ్ళకి చెవిపోటు, సముద్రపుగాలి పడదు అని చెప్పింది. వాళ్ళ బల్ల దగ్గర కూచునేది ఇంకో రెండు జంటలు. గుడివాడ డీలరు సొలొమోను, ఆయన భార్య మణెమ్మ ఒక జంట. మచిలీపట్నం నుంచి వచ్చిన కుర్ర డీలరు చక్రి, కొత్తపెళ్ళికూతురు సింధూరి ఇంకో జంట.

సొలొమోను గారి గొంతు ఇంజను లేకుండానే ఓడని నడిపేలా ఉంటుంది. మొదటి పూట నుంచీ ఆయన బాధ ఒక్కటే, కారం. ఏ గిన్నె మూత తీసినా పాలూ వెన్నా, తెల్లగా ఏదో గుజ్జు.

"ఇది కూరా, పథ్యమా? మా ఊళ్ళో బాలింతకి కూడా ఇంతకన్నా కారం వేసి పెడతారు!"

మణెమ్మ సంచిలోంచి ఆవకాయ సీసా తీస్తే, వడ్డించేవాడు చూడకుండా బల్ల కిందనుంచి అందరూ అందుకున్నారు. రెండోనాటి మధ్యాహ్నానికి సీసా ఖాళీ. "ఇవాళ పెద్ద డిన్నరుకి చప్పిడి తిండే గతి" అని సొలొమోను గారు సీసాని సాగనంపుతున్నట్టు చూశాడు. ఉషశ్రీ కూడా నవ్వింది. ఆవిడ నవ్వు విని కృష్ణారావుకి ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రం గదిలో ముస్తాబు మొదలైంది. ఆయన సూటు వేసుకుని, ముడేసి అమ్మే ఎలాస్టిక్ టై మెడకి తగిలించుకున్నాడు. ఆవిడకి చిలకపచ్చ పట్టుచీర, ఎర్రంచు. వంగితే ఆయాసం వస్తోందని, కుచ్చెళ్ళు ఆయనే మోకాళ్ళ మీద కూచుని సర్దాడు. ఒకటి సర్దితే ఇంకోటి జారింది. ఊరినుంచి బయల్దేరేముందు కుట్లు వేయించిన జాకెట్టు అప్పుడే మళ్ళీ వదులైపోయింది. వీపు వెనక పిన్నీసులు పెడుతుంటే వెన్నెముక పూసలు ఆయన వేళ్ళకి తగిలాయి.

"గుచ్చుతున్నారు" అంది.

"సారీ" అన్నాడు.

"విగ్గు పట్రండి."

బాత్‌రూమ్‌లో కొక్కేనికి ఉంది విగ్గు. తీస్తుంటే చెయ్యి జారి, తడినేల మీద పడి నీళ్ళన్నీ పీల్చుకుంది. పిలిచి చెబితే పోయేది. తువ్వాలుతో అద్దినా పోయేది. అబ్బే, మనవాడు గోడకున్న జుట్టు ఆరబెట్టే మిషను తీసి, వేడి ఎక్కువ మీద పెట్టి, దగ్గరగా పట్టాడు. నైలాను కదా, ముందున్న జుట్టంతా ఒక్క క్షణంలో ముడుచుకుపోయి ఉండలు కట్టింది. గదంతా ప్లాస్టిక్ కాలిన కంపు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు మిషను ఆపాడు.

ఉషశ్రీ తలుపు దగ్గరికొచ్చి చూసింది. ఆయన సూటు వేసుకుని, టై కట్టుకుని, ఓ చేతిలో మాడిన విగ్గు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తిట్టిందా అంటే తిట్టలేదు. తిట్టినా బావుండేది.

"మీరెళ్ళండి. నాకు తలనొప్పని చెప్పండి" అని మంచం మీద కూచుంది.

ఇంకోటి కొందామంటే నడిసముద్రం. కింద కొట్లున్నాయి, వాటిల్లో సెంటు సీసాలు, చేతిగడియారాలే. "పోనీ స్కార్ఫు..." అన్నాడు.

"పట్టుచీర మీద చెవులకి స్కార్ఫా? ఏటీఎం ముందు కూచునే వాచ్‌మన్‌లా?"

ఆ మాటతో ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆవిడకి ఏడుపైంది. ఆయన పక్కన కూచుని వీపు నిమరబోయి, పిన్నీసులు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒక్క పూట అడిగింది మనిషి. బంగారం అడగలేదు, మేడలు అడగలేదు. ఆ ఒక్క పూటనీ తన చేత్తోనే కాల్చి పెట్టాడు.

కాసేపటికి ఆవిడ లేచి అద్దం ముందు నిలబడింది. ఎంతసేపో తన తలకేసి చూసుకుంది.

"ఏవండీ, పూజసామాను తెచ్చారా?"

"ఆఁ."

"గంధం ఉందా?"

"ఉంది."

"కలిపి నా తలకి రాయండి."

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"తిరుపతి వెళ్ళొచ్చాం. మొక్కు తీర్చుకున్నాం. మన జనానికి ఆడదాని గుండు కనపడితే ఇంకో ఆలోచన వస్తుందా? రాయండి, టైమవుతోంది."

గంధం నీళ్ళతో కలిపాడు. జుట్టు రాలిన దగ్గర్నుంచీ ఆ తల మీద చెయ్యి వెయ్యడానికి ఆయనకి భయం. ఇప్పుడు వేశాడు. పసిపిల్లల మాడు కొట్టుకున్నట్టు లోపలెక్కడో నరం కొట్టుకుంటోంది. నుదుటి నుంచి మెడ దాకా మెల్లగా రాశాడు.

"చల్లగా ఉందండీ" అంది కళ్ళు మూసుకుని.

కాటుక పెన్సిలుతో కనుబొమలు దిద్దుకుంది. పెద్ద బొట్టు పెట్టుకుంది. చెవులకి బుట్టలు, మెడలో కాసులపేరు. కృష్ణారావు చూసి, ఇంత అందంగా ఈమధ్య ఎప్పుడుందా అనుకున్నాడు.

డిన్నరు హాల్లో అడుగు పెట్టగానే చెంచాల చప్పుడు ఆగింది. అంతలో సొలొమోను గారి గొంతు లేచింది.

"అదీ సంగతి! చెవిపోటని చెప్పి గుండు దాచిపెట్టావా చెల్లెమ్మా? మరి లడ్డూ ఏదీ?"

"మీరు ప్రభువు బిడ్డలు కదా అన్నయ్యగారూ, తింటారో తినరో అని తేలేదు."

"లడ్డూ దగ్గర పట్టింపేంటమ్మా! ముందు చెబితే వైజాగ్‌లోనే నీ పెట్టె సోదా చేసేవాణ్ణి."

బల్లంతా ఘొల్లుమంది. ఇక ఉషశ్రీని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. క్యూలో ఎంతసేపు నిలబడిందీ, క్షురకురాలు ఎంత నేర్పుగా గీసిందీ, గది దొరక్క ఎక్కడ పడుకున్నదీ, అన్నీ కళ్ళకి కట్టినట్టు చెప్పింది. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. ఆవిడ చెబుతుంటే కృష్ణారావుకే తాము వెళ్ళొచ్చామేమో అనిపించింది. సింధూరి పక్కన చేరి ఫోటో దిగింది. ఎవరూ అయ్యో అనలేదు. కోరుకున్న పూట చేతికొచ్చింది.

దీపాల వేడికి నుదురు చెమట పట్టి, ఆవిడ బల్ల మీది తెల్లగుడ్డతో తుడుచుకుంది. తుడుచుకున్నాక చూస్తే ఎడమ కనుబొమ సగం లేదు. కృష్ణారావు తన కనుబొమ గోక్కుంటూ సైగ చేశాడు. "దురదా?" అందావిడ. నలుగురిలో ఎలా చెబుతాడు? పక్కకి చూస్తే మణెమ్మ చెయ్యి నోటి దగ్గర ఆగిపోయి ఉంది. తిరుపతిలో తల గీస్తారు గానీ కనుబొమలు గీయరని తెలీనివాళ్ళెవరు? మణెమ్మ ఒక్క క్షణం ఉషశ్రీ మొహంలోకి చూసి, తల దించుకుని తినసాగింది. చూసిందో లేదో, అర్థమైందో లేదో ఆయనకి తెలీలేదు.

అప్పుడు సింధూరి, పాపం ఏ కల్మషమూ లేని పిల్ల, "ఇంతకీ ఏం మొక్కుకున్నారాంటీ? తీరినట్టేగా!" అంది.

ఉషశ్రీ కిలకిలా నవ్వి, "మొక్కు నాది కాదమ్మాయ్, మీ అంకుల్‌ది. తల నాది. ఆయన్నే అడుగు" అని మొగుడి మీదకి తోసేసింది.

అందరూ ఆయనకేసి తిరిగారు. చెప్పాల్సింది చిన్న ముక్క. ఈ ఏడాది టార్గెట్టు దాటాలని మొక్కుకున్నాను, దాటింది. అంతే. ఆ ముక్క నోట్లో సిద్ధంగానే ఉంది. కానీ తీరినట్టేగా అన్న మాట చెవిలో పడి కదలడం లేదు. తీరితే కదా తలనీలాలిచ్చేది! తీరలేదు కాబట్టే తన తల మీద రంగేసిన జుట్టు నిండుగా అలాగే ఉంది. భేషుగ్గా తీసుకెళ్ళండి అన్న డాక్టరు మొహం కళ్ళ ముందు నిలిచింది. కృష్ణారావు నోరు తెరిచాడు. మాట బదులు ఏడుపొచ్చింది. అలా ఇలా కాదు, సూటూ బూటూ వేసుకున్న మగాడు అంతమందిలో భోరుమన్నాడు. ఆపుకుందామంటే చేతకాలేదు.

ఉషశ్రీ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయి, కళ్ళు మాత్రం ఆయన్ని చూశాయి. ఎవరి నోరు జారుతుందోనని అంత జాగ్రత్త పడిందో, చివరికి ఆ మనిషే.

ఆవిడ తెల్లగుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టి, అందరికేసీ తిరిగి అంది:

"మా ఆయనకి కారం ఎక్కువైనట్టుంది."

ఆయన పళ్ళెంలో ఉన్నది పాలల్లో ఉడకేసిన బంగాళాదుంప.

"కారమా? ఇందులో ఎక్కడుందాంటీ..." అనబోయింది సింధూరి.

"ఎందుకు లేదూ?" అంది మణెమ్మ గట్టిగా. "నాకూ నాలుక మండిపోతోంది. ఇందాకట్నుంచీ చెబుదామనే అనుకుంటున్నా." ఆవిడ కళ్ళు అప్పటికే నిండిపోయాయి.

సొలొమోను గారు పెళ్ళాం మొహం చూశాడు. ఉషశ్రీ మొహం చూశాడు, ఆ సగం కనుబొమ చూశాడు. తర్వాత వడ్డించేవాణ్ణి కేకేశాడు.

"ఏంటయ్యా ఇది? కూరలో కారం పోశారా, కారంలో కూర వేశారా? మనుషులు తినొద్దా?"

చక్రి కూడా పొలమారినట్టు దగ్గి, నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. సింధూరి అందరి మొహాలూ చూసి, తల దించుకుని, "అవునాంటీ, కారమే" అంది చిన్నగా. వడ్డించేవాడికి ఏమీ అర్థం కాక, ఇంగ్లీషులో క్షమాపణలు చెప్పుకుంటూ పరుగెత్తి ఓ గిన్నెడు పంచదార తెచ్చాడు.

ఉషశ్రీ వాళ్ళందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. అందరికీ తెలిసిపోయింది. ఒక్కరూ అయ్యో అనలేదు.

ఆవిడ చెంచాడు పంచదార తీసి మొగుడి నోటికందించింది. "తినండి, తగ్గుతుంది" అంది. కృష్ణారావు చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు. ఆ పంచదార మింగలేక కక్కలేక, తగ్గిందన్నట్టు తల ఊపాడు.