చెయ్యి అడిగినవాడు

గోడౌను వాకిట్లో, లారీ ఎక్కడానికి ఆనించిన పలక కింద, హమాలీ ఒంటెద్దు వెల్లకిలా పడి ఉన్నాడు. అతను మోస్తున్న రెండు సిమెంటు బస్తాల్లో ఒకటి చిరిగి, పొడంతా మొహం మీద పడింది. అతను కళ్ళు తెరిచే ఉన్నాడు. కాళ్ళు కదపలేకపోతున్నాడు.

కంట్రాక్టరు పరుగున వచ్చాడు. ఆకాశం వంక చూశాడు.

"చినుకులు పడుతున్నాయి. ముందు బస్తాలు తీయండి, తడిస్తే గడ్డకట్టి చస్తాయి. వీణ్ణి ఆ గోడవారకి జరపండి."

హమాలీలు బస్తాలు తీశారు. తర్వాత ఒంటెద్దును చంకల్లో చేతులేసి ఈడ్చారు. వాకిట్లోని సరుకు మీద టార్పాలిన్ కప్పారు. మనిషి మీద ఏమీ కప్పలేదు.

అక్కణ్ణించి అతనికి గోడౌను పక్కనున్న తన గదే లోకమైంది. మంచం, గోడ, కిటికీ. కొన్నాళ్ళకి కాళ్ళు కదిలాయి గానీ, నడుం పట్టు వదల్లేదు. పొద్దున్నే లారీలు రివర్సు చేసే చప్పుడు వినబడేది. పలక మీద అడుగులు కూడా వినబడేవి. ఎవరి అడుగు ఎవరిదో పడుకునే చెప్పగలడు. ఆ అడుగుల్లో ఒక్కటీ అతని గుమ్మం వైపు రాలేదు.

గోడౌను ఊడ్చే ముసలామె మాత్రం వచ్చింది. అందరూ ఆమెను అత్తా అంటారు. గిన్నెలో ఇంత అన్నం పెట్టి, గోడకానుకుని కూర్చుంది.

"మనవాళ్ళెవరూ రారేంటి అత్తా?"

"మనవాళ్ళా? పొట్టోడు నడుం విరిగి మంచాన పడ్డప్పుడు నువ్వెళ్ళావా? రోజూ వాడి గుమ్మం ముందు నుంచే పోయావు గదరా."

"వాడు మొయ్యలేక పడ్డాడు."

"నువ్వు మొయ్యగలిగి పడ్డావు. మంచానికి తేడా తెలుస్తుందా?"

అతను గోడ వైపు తిరగబోయాడు. నడుం తిరగనివ్వలేదు.

ఆ గోడౌనులో ఒక అలవాటుండేది. బరువు ఎక్కువై ఎవడైనా "చెయ్యి" అని పక్కవాణ్ణి సాయానికి పిలిచాడంటే వాకిలంతా నవ్వేది. పురిటి నొప్పులొచ్చాయిరా, మంత్రసానిని పిలవండిరా అనేవాళ్ళు. ఒంటెద్దు ఏనాడూ పిలవలేదు. అందుకే ఆ పేరు. రెండేసి బస్తాలు ఒక్కడే ఎత్తి పలక ఎక్కేవాడు. కంట్రాక్టరు అతన్నే చూపించి, "వాడూ అన్నమే తింటున్నాడు, నీకేం రోగం?" అని మిగతావాళ్ళ వీపుల మీద రెండో బస్తా వేయించేవాడు. అతని బలంతో అందరి నడుములూ విరిచాడు. ఒంటెద్దు దాన్ని మెచ్చుకోలనుకున్నాడు.

"రేపు హమాలీలంతా కంట్రాక్టర్ని అడగబోతున్నారు," అంది అత్త. "బస్తాకి ఇద్దరు పట్టాలంట. తడిసిన పలక మీద గోనెలు పరవాలంట. నడుం కాదు, మోకాళ్ళు వంచి లేవాలని పొట్టోడు అందరికీ చూపిస్తున్నాడు. పడ్డవాడికే తెలుస్తుంది మరి."

"కంట్రాక్టరు ఒప్పుకుంటాడా?"

"ఒంటెద్దు ఎప్పుడైనా అడిగాడా అంటాడు. నువ్వేగా వాడి నోట్లో మాట."

ఆమె వెళ్ళిన కాసేపటికి కంట్రాక్టరే వచ్చాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"గేటు దగ్గర నీకో కుర్చీ వేయిస్తాను. ఊరికే కూర్చోవడమే. రేపు వచ్చి, ఇన్నాళ్ళూ ఒక్కణ్ణే మోశాను, నా కాలే జారింది అని చెప్పు. చాలు."

ఒంటెద్దుకి ఆశ పుట్టింది. కుర్చీ మీద కాదు. గేటు దగ్గర కూర్చుంటే మనుషులు కనబడతారు. అదే తలుచుకుంటూ పడుకున్నాడు. తలుచుకునే కొద్దీ, వాళ్ళు తన వైపు చూడకుండా దాటిపోవడమే కనబడింది.

పొద్దున గోడలు పట్టుకుని గోడౌనుకి చేరాడు. హమాలీలు బస్తాల పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. లారీ డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"బస్తాకి ఇద్దరం, అయ్యా," అంటున్నాడు పొట్టోడు. "వేరే మాట లేదు."

"ఇద్దరు మోసే పనైతే వీడొక్కడూ ఎట్లా మోశాడ్రా? అదుగో వచ్చాడు, అడగండి. ఒరే, చెప్పరా."

అందరూ తిరిగి చూశారు. ఎవరూ పలకరించలేదు. గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. ఒంటెద్దు దాన్ని దాటి వచ్చాడు. ఒక బస్తా ముందు మెల్లగా మోకాళ్ళు వంచి, ఓ మూల పట్టుకున్నాడు. ఆ మాట అతని గొంతులోంచి ఎన్నడూ వచ్చింది కాదు.

"చెయ్యి," అన్నాడు.

వాకిట్లో ఎవరూ నవ్వలేదు. పొట్టోడు వచ్చి ఎదురుగా కూర్చుని రెండో మూల పట్టుకున్నాడు.

"ఎత్తకు. ఊరికే పట్టుకో."

మిగతావాళ్ళు కదిలారు. బస్తాకి ఇద్దరు చొప్పున వంగి మూలలు పట్టుకున్నారు. ఎవరూ ఎత్తలేదు. అత్త చీపురు పక్కన పడేసి వెళ్ళి గేటు దగ్గరి కుర్చీలో కూర్చుంది.

"మెత్తగానే ఉందిరా కంట్రాక్టరూ," అంది.

చినుకులు మొదలయ్యాయి.

"సరుకు తడుస్తోంది, ఎత్తండిరా. మాటలు తర్వాత."

"ఇద్దరిద్దరం అని ఒక్క మాట అనండి, ఇప్పుడే ఎత్తుతాం," అన్నాడు పొట్టోడు.

"రేపట్నించి ఒక్కడికీ పని లేదు. పోలీసులకి ఫోను చేస్తాను."

"చెయ్యండి. వాళ్ళనీ ఇద్దరిద్దరుగా రమ్మనండి."

కంట్రాక్టరు తనే ఓ బస్తా మూల పట్టి లాగాడు. అది జానెడు కదిలింది. చుట్టూ చూశాడు. "చెయ్యి" అని అడగడానికి నోరు రాలేదు. ఫోను తీసుకుని లోపలికి పోయాడు.

వాన పెరిగింది. హమాలీలు టార్పాలిన్ తెచ్చి విప్పారు. బస్తాల మీద వేయలేదు. అంచులు పట్టుకుని తలల మీదకి ఎత్తి, దాని కింద దగ్గరగా నిలబడ్డారు. ఒంటెద్దును మధ్యకి లాక్కున్నారు. అటో భుజం, ఇటో భుజం తగిలాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. పైన ఓ అంచు జారుతుంటే అందుకున్నాడు.

గేటు అవతల పోలీసు జీపు ఆగిన చప్పుడైంది. ఎవరూ అంచు వదల్లేదు.