పడవవాడి చేతిలో పికప్

నేను ఒక పికప్ బండిని. వయసు పదహారేళ్లు. ఆ వయసుకు మనుషులకు మీసం వస్తుంది, మాకు తుప్పు వస్తుంది. నన్ను తయారుచేసిన ఫ్యాక్టరీలో రంగు వేసేముందు నా రేకులన్నిటినీ ఏదో మందు తొట్టెలో ముంచి తీశారు. ఇక ఈ బండికి తుప్పు దరిచేరదని ధీమాగా చెప్పుకున్నారు. అలా చెప్పుకున్నవాళ్లు భీమిలి దాటి సముద్రపు గాలి పీల్చి ఉండరు.

నా మొదటి యజమాని విశాఖలో బిస్కెట్ల ఏజెన్సీ నడిపేవాడు. సరుకు తడవకూడదని నామీద టార్పాలిన్ కప్పి, తను మాత్రం వానలో తడిసేవాడు. రెండో ఆసామిది మొక్కల నర్సరీ. అతను మొక్కలకు నీళ్లు పోస్తూ పోస్తూ నాకూ పోసేవాడు, నేనూ ఎదుగుతాననుకున్నాడేమో. మూడో మనిషి మైలపల్లి పోలిరాజు. ముప్పయ్యేళ్లు సముద్రం మీద వేటకెళ్లినవాడు. పడవ ఒడ్డుకు లాగుతుంటే దాని కింద పడి మోకాలు నుజ్జయింది. రెండేళ్ల క్రితం పడవ అమ్మేసి నన్ను కొన్నాడు. పొద్దున్నే ఒడ్డున ఐసులో పెట్టిన చేపలు నా మీదకెత్తి పట్నం బజారుకు తీసుకెళ్తాడు. అక్కడ అతని భార్య ఎర్రయ్యమ్మ అమ్ముతుంది. సముద్రం పోయాక అతనికి మిగిలిన పని నేనే. వినడానికి గొప్పగానే ఉంటుంది గాని, కరిగిన ఐసుతో కలిసిన ఉప్పునీళ్లు రోజూ తాగేది కూడా నేనే.

ఈ ఏడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుకు వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టరు నా తలుపు అడుగున వేలు పెట్టాడు. వేలు అవతలికి వచ్చింది. "పదిహేను రోజుల్లో ఈ తుప్పు బాగుచేయించి తీసుకురా. లేకపోతే దీన్ని తుక్కుకి ఇచ్చెయ్" అన్నాడు. నేను తుక్కుకు పోతే పోలిరాజు ఇంటి అరుగు మీద కూర్చుని వచ్చేపోయే పడవలు లెక్కపెట్టుకోవాల్సిందే. ఆ భయం అతని ముఖంలో నాకు అద్దంలోంచి స్పష్టంగా కనిపించింది.

రేకుపని చేసే తాతారావు షెడ్డు వాళ్లింటికి నాలుగడుగుల దూరం. పైగా అతను ఎర్రయ్యమ్మకు సొంత తమ్ముడు. కానీ బావా బావమరుదులకు రెండేళ్లుగా మాటల్లేవు. మోకాలు విరిగినప్పుడు ఒడ్డున అందరి ముందూ తాతారావు, "బావా, ఇంక ఏట నీ వల్ల కాదు. పడవ అమ్మీ" అన్నాడు. పోలిరాజు పడవ అమ్మేశాడు గాని, ఆ మాట అన్నవాణ్ని క్షమించలేదు. మాట అబద్ధమైతే ఎప్పుడో క్షమించేసేవాడు.

"నానే సేసుకుంటాను. ముప్పయ్యేళ్లు పడవలు బాగుసేసినోడికి ఈ రేకులో లెక్కా?" అన్నాడు.

నిజం చెప్పాలి, పని బాగానే మొదలుపెట్టాడు. వాకిట్లో నన్ను నిలబెట్టి, గ్రైండర్ అరువు తెచ్చి, తుప్పంతా తెల్లటి రేకు కనపడేదాకా గీకాడు. పడవలకు వేసే ఫైబర్ గుడ్డ కత్తిరించి, రెజిన్ జిగురు పూసి, మూడు పొరలు అతికించాడు. ఆ చేతుల్లో అంత ఓపిక ఉందని నాకు అప్పుడే తెలిసింది. అక్కడితో ఆగి ఉంటే నేనే అతనికి దండం పెట్టేదాన్ని.

ఆగలేదు. నా తలుపుల అడుగున వరసగా చిన్న బొక్కలుంటాయి. అద్దం పక్కనుంచి లోపలికి దిగిన వాననీళ్లు బయటికి పోవడానికి ఫ్యాక్టరీవాళ్లు పెట్టినవి. పడవవాడి కంటికి అడుగున బొక్క కనబడితే ఇంకేముంది, అన్నిటికీ రెజిన్ కూరేశాడు.

"ఆ బొక్కలు ఫ్యాక్టరీవోళ్లే ఎట్టినారు కదేటి మావా. ఊరికే ఎడతారా?" అంది ఎర్రయ్యమ్మ.

"ఆల్లెప్పుడైనా సముద్రం మీదకెల్లినారేటి? అడుగున బొక్కుంటే మునిగిపోద్ది."

"ఎక్కడ మునుగుద్ది, రోడ్డు మీదా?"

పోలిరాజు వినలేదు. గ్రైండర్ ఆన్ చేసుకున్నాడు. అడ్డు చెప్పడానికి నాకున్నది ఒక్క హారను, అప్పటికే బ్యాటరీ విప్పి పక్కన పెట్టాడు. ఆ తర్వాత మిగిలిపోయిన పడవ రంగు, ముదురు నీలం, కుంచెతో పూశాడు. నేను ఈత నేర్చుకోవడం ఒక్కటే తక్కువ.

ఆ వారమంతా వానలు. వాన లేని పూట పోలిరాజు ముచ్చటగా బిందెలతో కడిగేవాడు. నీళ్లు లోపలికి దిగాయి, బయటికి దారి లేదు. ఒక్కో తలుపులో బకెట్టెడు నిండాయి. మలుపు తిరిగినప్పుడల్లా లోపల గళగళమని అలలు. ఎర్రయ్యమ్మకు అనుమానమొచ్చింది గాని, పోలిరాజుకు ఏమీ తేడా అనిపించలేదు. నీళ్ల చప్పుడు వింటూ బతికిన మనిషి, స్టీరింగు పట్టుకుని ఎన్నాళ్లకో హాయిగా కూనిరాగం తీశాడు. నాకు కోపం రావాల్సింది, జాలేసింది.

పదిహేనో రోజున ఇన్‌స్పెక్టరు ఫైబర్ అతుకు మీద సుత్తితో కొట్టి చూశాడు. "గట్టిగానే ఉందే" అని మెచ్చుకుని, తలుపు తీసి దబ్బున వేశాడు. స్పీకరు పెట్టే కంతలోంచి ఎగిరిన నీళ్లు అతని ప్యాంటు మోకాలిదాకా తడిపాయి. రెండు చిన్న చేపపొలుసులు బూటు మీద మెరిశాయి.

"బండి తెమ్మంటే చెరువు తెచ్చావేమయ్యా" అన్నాడు. తుడుచుకుంటూ, "సోమవారం దాకా టైమిస్తున్నా. అదే ఆఖరు" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు పోలిరాజు పాట పాడలేదు. పక్కన ఎర్రయ్యమ్మ బండి కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంటి మలుపు వచ్చినా తిప్పకుండా, తాతారావు షెడ్డు ముందు బ్రేకు వేశాడు.

తాతారావు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. అక్కను చూశాడు, బావను చూశాడు, నా చుట్టూ ఒకసారి తిరిగాడు. అతుకుల మీద వేలితో తట్టాడు. తలుపు ఊపి విన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. డ్రిల్లు తెచ్చి మోకాళ్ల మీద కూర్చుని, ఫ్యాక్టరీ పెట్టిన చోటే ఒక్కొక్క బొక్కా తెరిచాడు. నీళ్లు ధార కట్టి ముగ్గురి కాళ్ల మధ్యనుంచి రోడ్డు మీదకు పోయాయి. చాలాసేపు పోయాయి. ముగ్గురూ అవే చూస్తూ నిలబడ్డారు.

నీళ్లు ఆగాక పోలిరాజు అన్నాడు, "ఆ రోజు నువ్వు సెప్పింది నిజమే తాతారావూ. ఇంక నా వల్ల కాదు."

తాతారావు డ్రిల్లు కింద పెట్టాడు. "నాకూ తెలుసు బావా. కానీ అందరి ముందూ అనకుండా ఉండాల్సింది. ఆ రోజు నుంచీ నాకు నిద్దర్లేదు."

ఎర్రయ్యమ్మ అటు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

సోమవారం ఫిట్‌నెస్ ఇచ్చారు. కాగితం మీద నా నంబరు, ఇంజను నంబరు, బ్రేకులు, లైట్లు అన్నీ వివరంగా ఉన్నాయి. 'నా వల్ల కాదు' అన్న మాట అనడానికి పోలిరాజు ఎంత బరువు ఎత్తాల్సి వచ్చిందో రాయడానికి మాత్రం అందులో గడి లేదు.